పుస్తకాల మూట

పిల్లలూ! న్యాల్‌కల్ ఎక్కడ వున్నదో మీకు తెలుసునా? జహీరాబాదుకు దాపున, కర్ణాటక సరిహద్దులో వున్నది. నిజాముల కాలంలో అది బీదరు తాలూకాలోని వూరు. 1956 నవంబరు 1న భాషలనుబట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మెదక్ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో వుంది. అక్కడి పిల్లల చెవిన తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ పడుతూనే వుంటాయి.

నిజాం రాజ్యంలో మాత్రం కచేరీలోనూ, పెద్ద బడిలోనూ ఉర్దూదే పెత్తనం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు లెక్కలూ, చరిత్రా ఉర్దూలో చదవవలసిందే! పదిమందీ కలిసి సభ చేసుకోవాలన్నా ముందు సర్కారు అనుమతి కావాలి. ఆ ఆజ్ఞకు గస్తీ నిషాన్ 53 అని పేరు. పల్లెల్లో దొరలు కూలి ఇవ్వకుండా జనంచేత పని చేయించుకునేవారు. అదే వెట్టి. ఇటువంటి చోట తెలుగు పుస్తకం చదవటమే ఒక సాహసం అయింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1930లో మెదక్ జిల్లాలోని జోగిపేటలోనే మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి అధ్యక్షులు.

ఆ రోజుల్లో పుస్తకాలు మోసుకుని వూరూరా తిరిగిన ఒకాయన వున్నాడు. ఆయనే వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లా మాధవరంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ ఆయనవద్దనే చదువుకున్నాడు. తరువాత హోటల్లో సర్వరుగా పనిచేశాడు. మనవాడే కాదు, అమెరికాలో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లసు కూడా చిన్నప్పుడు వీధిలోని పేద తెల్ల పిల్లలకు రొట్టె ఇచ్చి, బదులుగా చదువు నేర్చుకున్నాడు. ఆయన తన కథ తానే రాసి 1845లో అచ్చువేశాడు. అన్నంతో అక్షరాలు కొనుక్కున్నవాళ్ళు అన్నిచోట్లా వున్నారన్నమాట!

ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించాడు. పుస్తకాలు అచ్చువేయించి, సంచుల్లో పెట్టుకుని, తానే తిరిగి అమ్మేవాడు. కొనేవాళ్ళు వస్తారులే అని అంగట్లో కూర్చుంటే పల్లెలో వున్నవాడికి పుస్తకం అందేదెట్లా?

ఆయన జైలుకూ వెళ్ళాడు. నిజామాబాదు జైలులో కవి దాశరథి కూడా ఆయనతో వున్నాడు. కాగితం, కలం లేవు. దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు రాసేవాడు. 1949లో వచ్చిన తన "అగ్నిధార"ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చాడు. జైలులో చూసిన మనుషులమీద ఆళ్వారుస్వామి కథలు రాశాడు. ఆ పుస్తకం పేరు "జైలు లోపల". లోకం దొంగలనీ, హంతకులనీ తోసివేసినవాళ్ళను దగ్గరగా చూసి రాసిన కథలవి. మీరు మొదట అదే చదవండి. కథలు చిన్నవి.

తరువాత ఆయన నవల "ప్రజల మనిషి" చదవవచ్చు. దిమ్మెగూడెం అనే వూళ్ళో రామభూపాలరావు అనే దొర, ఆయనకు ఎదురు నిలిచే కంఠీరవం అనే యువకుడు ఇందులో వున్నారు. చదువుతుంటే, "అంతమంది వుండి ఒక్కడికి ఎందుకు భయపడ్డారు?" అని మీకు కోపం వస్తుంది. కొంచెం ఓపిక పట్టి, వాళ్ళకు భూమి ఎవరిచేతిలో వుందో, అప్పు ఎవరిదగ్గర వుందో గమనించండి.

దాశరథి తమ్ముడు రంగాచార్య రాసిన "చిల్లర దేవుళ్లు" 1969లో వచ్చింది. బతుకుతెరువు వెతుక్కుంటూ వూరికి వచ్చిన ఒక పాటగాడి కళ్ళతో గడీ లోపలి సంగతులు చూపుతుంది. మాటలన్నీ తెలంగాణా మాటలే. అర్థంకాని మాట వుంటే తాతనో, అవ్వనో అడగండి. వాళ్ళకు ఆ మాటతోపాటు ఇంకేదైనా జ్ఞాపకం రావచ్చు.

"మాలపల్లి" మాట చెప్పకపోతే లోటు. అంటరానితనంమీద ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైలులో రాసిన నవల అది. 1922లో రాగానే మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. చాలా పెద్ద పుస్తకం. తొమ్మిదో తరగతి సెలవులదాకా ఆగినా తప్పులేదు.

ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" తరువాతి కథను "గంగు" అనే పేరుతో రాయటం మొదలుపెట్టాడు. 1961లో ఆయన చనిపోయాడు. "గంగు" పూర్తికాలేదు. రాసినంతవరకే తరువాత అచ్చయింది.