ఎర్రమూత్రం వేడి కాదు

మూసీ కృష్ణలో కలిసే వాడపల్లిలో కూలీల వాడకు పోతే మనల్ని అడుగుతారు: "అన్నా, ఆవు ఎర్రగ పోస్తున్నది. వేడి చేసిందా?"

వేడి కాదు. గోమార్లు, అదే పిడుదులు, నెత్తురు తాగుతూ బెబీసియా అనే కంటికానని జీవిని పశువులోకి వదులుతాయి. అది ఎర్రకణాన్ని పట్టుకొని లోపల దూరి, ఒకటి రెండవుతుంది. కణం పగులుతుంది. బయటపడ్డవి మళ్లీ కొత్త కణాల్లో దూరుతాయి. పగిలిన కణాల ఎరుపే మూత్రంలో దిగేది. రుమేనియాలో బాబెష్ 1888లోనే దీన్ని చూశాడు. గోమార్లే మోస్తాయని 1893లో అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ రుజువు చేశారు. తల్లి గోమారి నుంచి గుడ్లకు కూడా పోతుంది!

దీని చుట్టం థైలీరియా. అది ముందు తెల్లకణాల్లో పెరిగి, భుజం ముందు గడ్డలు లేపి, తర్వాత ఎర్రకణాల్లోకి పోతుంది. దాని సూది వేరు, దీని సూది వేరు. అందుకే ముందు చెవి నెత్తురు చుక్క గాజుపలక మీద చూడాలి. ప్రతి మండల పశువైద్యశాలలో ఆ పరీక్ష జరగాలని మనం అడగాలి.

నాటు పశువు కొంత తట్టుకుంటుంది, సంకరజాతి ఆవు తట్టుకోదు. అప్పిచ్చేటప్పుడు పాల లెక్క చెప్పేవాళ్లు గోమారి లెక్క చెప్పరు. ఆవు పోయినా కిస్తీ పోదు.

జ్వరం వచ్చిననాడే డాక్టరును పిలవండి. కొట్టం గోడ పగుళ్లలో గోమార్లు గుడ్లు పెడతాయి, మట్టితో మెత్తండి.