అడ్డంగా తిరిగిన ఇంజన్: ఎక్స్1 మూడు తరాల కథ

ముందు, వెనక చక్రాల మధ్య దూరం తగ్గితే కారు లోపల చోటు కూడా తగ్గాలి. బీఎండబ్ల్యూ ఎక్స్1 విషయంలో అలా జరగలేదు. నా దగ్గరున్న తొలి తరం బండిలో ఆ దూరం 2,760 మిల్లీమీటర్లు. 2023 జనవరిలో మన దేశంలో విడుదలైన మూడో తరం బండిలో 2,692. అయినా వెనక సీట్లో పెద్దవాళ్లకు మోకాళ్లు ముందు సీటుకు తగలకుండా ఉండేది కొత్తదాంట్లోనే. దీనికి కారణం బానెట్ కింద ఉంది.

తొలి ఎక్స్1 తయారీ 2009లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మొదలైంది. 2010 డిసెంబర్‌లో రూ.22 లక్షల ప్రారంభ ధరతో ఇక్కడికి వచ్చింది. ఇక్కడి బండ్లను చెన్నై ఫ్యాక్టరీలో బిగించేవారు. పేరుకు ఎస్‌యూవీ లాంటిదే కానీ, కింద ఉన్నది 3 సిరీస్ కారు నిర్మాణం. ఎత్తు 1,545 మిల్లీమీటర్లే. ఇంజన్ నిలువుగా, అంటే కారు పొడవునా కూర్చుంటుంది. దాని వెనక గేర్‌బాక్స్, అక్కడి నుంచి వెనక చక్రాల దాకా పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్. అందుకే ముక్కు పొడవు, లోపల నేల మధ్యలో దిమ్మె. వెనక మధ్య సీట్లో కూర్చున్నవాళ్లు ఆ దిమ్మెకు అటొక కాలు, ఇటొక కాలు పెట్టుకోవాల్సిందే.

ఈ అమరికలో లాభం డ్రైవర్‌ది. నడిపించే పని వెనక చక్రాలది, తిప్పే పని ముందు చక్రాలది. దేని పని దానిదే. మా వరంగల్‌లో మట్టెవాడ దాటి హైదరాబాద్ హైవే ఎక్కాక, జనగామ, భువనగిరి మీదుగా వెళ్లేటప్పుడు 177 హార్స్‌పవర్ల రెండు లీటర్ల డీజిల్ ఇంజన్ బండిని వెనక నుంచి తోస్తున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది.

2015లో రెండో తరంతో కంపెనీ ఇంజన్‌ను అడ్డంగా తిప్పింది. గేర్‌బాక్స్ ఇంజన్ పక్కకు చేరింది. శక్తి పొట్టి షాఫ్ట్‌ల ద్వారా నేరుగా ముందు చక్రాలకే వెళ్తుంది. ముక్కు కుదించుకుంది, మిగిలిన చోటు మనుషులకు దక్కింది. ఈ ఆలోచన పాతదే. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన బుల్లి కారు మినీ, ఇంజన్‌ను అడ్డంగా పెట్టి నలుగురికి చోటిచ్చింది. రోవర్ కంపెనీని 1994లో కొన్నప్పుడు మినీ కూడా బీఎండబ్ల్యూ చేతికొచ్చింది. రెండో తరం ఎక్స్1కు ఆధారమైన నిర్మాణం మినీ కార్లతో పంచుకున్నదే.

మూడో తరం డీజిల్ బండి శక్తి 150 హార్స్‌పవర్లు, నా పాతదానికన్నా తక్కువ. గేర్‌బాక్స్‌లో మాత్రం రెండు క్లచ్‌లున్నాయి. బేసి గేర్లు ఒకదాని కింద, సరి గేర్లు రెండోదాని కింద. మూడో గేర్‌లో వెళ్తుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. మార్పు రెప్పపాటులో అయిపోతుంది. కానీ పోచమ్మ మైదాన్ నుంచి చౌరస్తా దాకా ఆటోల మధ్య అంగుళం అంగుళం పాకేటప్పుడు, నూనె ద్వారా శక్తిని అందించే పాత టార్క్ కన్వర్టరే నాకు మెత్తగా అనిపించింది.

అసలైన ప్రగతి పొగగొట్టంలో ఉంది. 2010లో హైదరాబాద్ సహా 13 నగరాలకు బీఎస్-4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో నాలుగో దశ) ఇంధనం వచ్చినప్పుడు వరంగల్ ఇంకా బీఎస్-3లోనే ఉంది. ఆ డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 350 పాళ్ల దాకా ఉండవచ్చు. ఇప్పటి బీఎస్-6లో పదికి మించకూడదు. బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవచ్చు, బీఎస్-6లో పరిమితి 80.

అన్నీ మెరుగయ్యాయని కాదు. వెడల్పు 1,798 నుంచి 1,845 మిల్లీమీటర్లకు పెరిగింది. భోగేశ్వరాలయం చుట్టుపక్కల పాత సందుల్లో ఆ 47 మిల్లీమీటర్లకూ లెక్క ఉంటుంది. ఏసీ మీటలు తెరలోకి వెళ్లిపోయాయి. పాతదాంట్లో రోడ్డు మీంచి చూపు తిప్పకుండా తడిమి తిప్పేవాణ్ని.

2025 జనవరిలో వచ్చిన ఎలక్ట్రిక్ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్‌లో తిప్పడానికి ఇంజనే లేదు. మోటారు ముందు ఇరుసు దగ్గర ఒదిగింది, 66.4 కిలోవాట్ అవర్ బ్యాటరీ నేల కింద పరుచుకుంది. చక్రాల మధ్య దూరం 2,800కు పెరిగింది. ఆ పెరుగుదలంతా వెనక సీటు కోసమే.

నడపడంలో ఆనందం కావాలంటే పాతది, ఇంటిల్లిపాదీ హాయిగా కూర్చోవాలంటే కొత్తది: నా తీర్పు ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో పాత డీజిల్ ఎక్స్1 చూస్తున్నవాళ్లు రంగు, టైర్ల కంటే ముందు సర్వీస్ పుస్తకం అడగండి. ఆ ఇంజన్‌కు టైమింగ్ చైన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని మార్చడం చిన్న పని కాదు. చైన్ ఎప్పుడు మార్చారో చెప్పలేని బండికి బేరం ఆడకపోవడమే మేలు.