కొత్త స్పీకర్లు కొంటున్నారా? ముందు తాతగారి చెవులు చూపించండి

బిజినేపల్లి నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక మండల కేంద్రం. అలాంటి ఊళ్ళో ఈమధ్యనే స్లాబు ఇల్లు కట్టుకున్న కుటుంబాన్ని ఒకదాన్ని ఊహించుకోండి. హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. కింద నున్నటి టైల్స్. గోడలకు తళతళలాడే పెయింటు. ఎదురుగా గోడంత టీవీ. బొమ్మ అద్భుతంగా వస్తుంది, మాటలే తెలియవు. తల్లీ కొడుకులు మాట్లాడుకునే నాలుగు ముక్కలూ ఎవరికీ అందవు. తాత "జర సౌండు పెంచురా బిడ్డా" అంటాడు. మనవడు పెంచుతాడు. అంతలో ఫైటింగ్ మొదలవుతుంది. వంటింట్లోంచి కోడలు "చెవులు పగిలిపోతున్నాయి, తగ్గించండి!" అని కేక పెడుతుంది. నెల తిరిగేసరికి ఇంటిల్లిపాదీ కలిసి నాగర్‌కర్నూలుకో మహబూబ్‌నగర్‌కో వెళ్ళి హోమ్ థియేటర్ కొనుక్కురావాలని తీర్మానిస్తారు.

కొనుక్కోవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇంట్లో మంచి పాట వినడం మనసుకు మేలు చేసే సంగతే. కాని పై ఇంట్లో ఉన్నది ఒక జబ్బు కాదు, మూడు. పల్చటి టీవీలో ఇమిడ్చిన చిన్న స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి, అది మొదటిది. బోసి గోడల గదిలో మాట ప్రతిధ్వనించి అలుక్కుపోవడం రెండోది. తాతగారి వినికిడి మూడోది. కొత్త స్పీకర్లు మొదటిదాన్ని మాత్రమే నయం చేస్తాయి. తక్కిన రెండూ అలాగే ఉండి, శబ్దం మాత్రం పెరిగిందంటే నాలుగో జబ్బు తయారవుతుంది.

అదెలాగో తెలియాలంటే చెవి లోపలికి ఒక్కసారి తొంగి చూడాలి. శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనకున్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవికి అందిస్తాయి. అందులో నీరు నిండి ఉంటుంది. ఆ నీటి అలలకు ఊగుతూ, సుమారు 15 వేల రోమకణాలు శబ్దాన్ని మెదడుకు చేరవేస్తాయి. ఈ అలలు ఎలా నడుస్తాయో కనిపెట్టినందుకే 1961లో బెకెషీ అనే శాస్త్రజ్ఞునికి నోబెల్ బహుమానం వచ్చింది. జొన్న, ఆముదం వంగడాలకు పేరుపడ్డ పాలెం బిజినేపల్లి మండలంలోదే కనుక ఆ ప్రాంతపు పాఠకులకు జొన్నచేను ఉపమానం సరిపోతుంది. గాలికి చేను వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. పెద్ద గాలివానకు పడిపోతే లేవదు. అయితే చేనుకు వచ్చే ఏడాది మరో విత్తు ఉంది. మనిషి చెవిలో చచ్చిన రోమకణం మళ్ళీ మొలవదు. దానికి మందు లేదు, ఆపరేషనూ లేదు.

ఇక కొత్త స్పీకర్లలో ఉన్న చిక్కు చూడండి. పాత రేడియో, పాత టేప్‌రికార్డరు గుర్తున్నవారికి ఇది వెంటనే బోధపడుతుంది. వాటి గొంతు పెంచితే కొంతదూరం వెళ్ళాక గరగరమని చీలిపోయేది. మనకే చిరాకేసి తగ్గించేవాళ్ళం. ఆ గరగర మనకు తెలియకుండా చెవులకు కాపలా కాసేది. మంచి స్పీకర్లకు ఆ లోపం ఉండదు. ఎంత పెంచినా శబ్దం శుభ్రంగా, హాయిగా ఉంటుంది. హాయిగా ఉంది కాబట్టి తక్కువే అనుకుంటాం. పైగా చెవి పది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, మరికాస్త పెంచాలనిపిస్తుంది. రోమకణానికి మాత్రం శుభ్రమైన శబ్దం, చీలిన శబ్దం అని భేదం లేదు. ఎంత బలంగా కొట్టింది, ఎంతసేపు కొట్టింది అన్నదే దానికి లెక్క.

ఆ లెక్కను డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ కొలత కూరగాయల తూకం లాంటిది కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపయినట్టు. వినోదం కోసం వినే శబ్దం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. 3 పెరిగిన ప్రతిసారీ గంటలు సగమవుతాయి. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5, 92కి రెండున్నర. అంటే, రెండున్నర గంటల సినిమా సగటున 92 డెసిబెల్స్‌లో చూస్తే వారం రేషనంతా ఒక్క ఆదివారం మధ్యాహ్నమే ఖర్చయిపోయిందన్నమాట! పిల్లలకు హద్దు ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్. వారి రేషను 87 దగ్గరే ఆ రెండున్నర గంటల్లో పూర్తవుతుంది.

కొలిచే యంత్రం లేదే అంటారా? చేయి చాచినంత దూరంలో కూర్చున్న మనిషితో మాట్లాడటానికి మీరు గొంతు పెంచవలసి వస్తే, శబ్దం 85 ప్రాంతానికో ఆ పైకో చేరిందని గుర్తు. ఫోన్లలో వచ్చే ధ్వని కొలిచే యాప్‌లు అచ్చమైన లెక్క చెప్పవు గాని అంచనాకు పనికొస్తాయి.

దుకాణంలో

అట్టపెట్టె మీద 5000 వాట్లు, 10000 వాట్లు అని కనిపిస్తే మోసపోకండి. పీఎంపీఓ అని పక్కన రాసే ఆ అంకెలు అమ్మకానికి పుట్టినవే. ఆర్ఎంఎస్ వాట్లు ఎన్ని అని అడగండి. అదీ అంతగా అవసరం లేదు నిజానికి. సాధారణమైన స్పీకరు ఒక్క వాటుతోనే ఒక మీటరు దూరాన 88 డెసిబెల్స్ దాకా శబ్దం ఇస్తుంది. 16 వాట్లు ఇస్తే 100 దాటబోతుంది. 12 అడుగుల హాలుకు ఎన్ని వందల వాట్లు కావాలో మీరే చెప్పండి! 50 వాట్ల సెట్టుకూ 100 వాట్ల సెట్టుకూ తేడా 3 డెసిబెల్సే. ఆ డబ్బు మంచి సెంటర్ స్పీకరు మీద పెట్టడం మేలు. సినిమాలో మాటలు చాలావరకు వచ్చేది దానిలోంచే. దాన్ని టీవీ కిందే, చెవులవైపు తిప్పి పెట్టించండి.

మరో సంగతి. రిసీవరు ఉన్న పెద్ద సెట్లలో శబ్దం అంకెలు మైనస్‌లో కనిపిస్తాయి. మైనస్ 40 కంటే మైనస్ 20 ఎక్కువ. ఆ యంత్రాన్ని గదికి సరిచేసి ఉంటే, సున్నా అంటే సినిమా హాలు ప్రమాణం. మాటలు, మామూలు ఘట్టాలు 85 ప్రాంతంలో ఉంటే, పేలుళ్ళ వంటివి ముందు స్పీకర్లలో 105 దాకా, సబ్‌వూఫర్‌లో 115 దాకా లేచేలా ఆ ప్రమాణం పెట్టారు. అది వందలమంది కూర్చునే హాలు కోసం పెట్టిన లెక్క. ఇంట్లో మైనస్ 20కి పైకి వెళ్ళవలసిన అవసరం ఎవరికీ లేదని నా అభిప్రాయం.

గది సంగతికి ఖర్చు తక్కువ. నేల మీద జంపఖానా, కిటికీలకు మందపాటి తెరలు, వెనక గోడకు పుస్తకాల బీరువా, గుడ్డ సోఫా ఉంటే మాట ఎంత తేటపడుతుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది. సబ్‌వూఫర్‌ను మూలకు నెట్టకండి. మూలన పెడితే దడదడ ఎక్కువై మాటలను మింగేస్తుంది. చాలా సెట్లలో నైట్ మోడ్ అని ఒకటి ఉంటుంది. అది పెద్ద శబ్దాలను అణచి చిన్న మాటలను లేపుతుంది. ఫైటింగు వచ్చినప్పుడల్లా రిమోట్ కోసం వెతుక్కునే బాధ తప్పుతుంది.

తాత ఎందుకు పెంచమంటున్నాడు?

అసలు విషయం ఇది. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నని, పదునైన శబ్దాలను మింగేస్తుంది. మాటల్లో క, చ, త, ప, స వంటి హల్లుల ఆయువుపట్టు అక్కడే ఉంది. అచ్చులు బొంగురు శబ్దాలు కాబట్టి అవి మిగిలిపోతాయి. మన తెలుగు చూస్తే అచ్చులతో ముగిసే భాషాయె. కోట, తోట, చోట, ఈ మూడూ తాత చెవికి ఒకటే 'ఓట'. అంచేతనే ఆయన "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటాడు. ఇంట్లోవాళ్ళు "తనకు కావలసినవన్నీ వినబడతాయి" అని నవ్వుతారు. అది పాపం సుమా!

శబ్దం పెంచితే అచ్చులు మరింత పెద్దవవుతాయే గాని, పోయిన హల్లులు తిరిగి రావు. ఇంకో విచిత్రం కూడా ఉంది. దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం భరించరానిదిగా ఉంటుంది. ఒక్క నిమిషం క్రితం పెంచమన్న తాతే "ఎందుకురా అంత?" అని కసురుకుంటాడు. చాదస్తం కాదు, అది జబ్బు లక్షణం. ఈలోగా ఆయన కోసం పెంచిన శబ్దాన్ని స్పీకరుకు రెండడుగుల దూరంలో బాసింపట్టు వేసుకు కూర్చున్న ఆరేళ్ళ మనవరాలు వింటోంది. దగ్గరికి జరిగేకొద్దీ శబ్దం పెరుగుతుంది. సోఫాలో కూర్చున్న మీకు ఫరవాలేదనిపించినది ఆమెకు ఎక్కువ కావచ్చు. పసిపిల్లలను స్పీకర్లకు ఆరేడడుగుల దూరాన కూర్చోబెట్టండి.

కంటిచూపు తగ్గితే అద్దాల కోసం పరుగెత్తే మనం, చెవి విషయంలో "వయసొచ్చింది కదా" అని ఊరుకుంటాం. ఊరుకోవడం మంచిది కాదు. మతిమరుపు జబ్బును నివారించే మార్గాలపై లాన్సెట్ కమిషన్ 2024లో ప్రకటించిన 14 కారణాల జాబితాలో, పట్టించుకోని చెవుడు కూడా ఉంది. స్పీకర్లు కొనడానికి వెళ్ళిన రోజే తాతను వెంటబెట్టుకు వెళ్ళి ఆడియోగ్రామ్ పరీక్ష చేయించండి. నొప్పి ఉండదు. అరగంట పని. నాగర్‌కర్నూలు, వనపర్తి రెండుచోట్లా 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. హైదరాబాదు వరకు వెళ్ళగలిగితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. కొందరికి గుమిలి అడ్డుపడి ఉంటుంది, తీసేస్తే సరిపోతుంది. మరికొందరికి వినికిడి యంత్రం కావలసి వస్తుంది. యంత్రం పెట్టుకున్న తాత మామూలు శబ్దంలోనే సినిమా చూస్తాడు, ఇల్లంతా బతుకుతుంది. పరీక్ష అయ్యాక కూడా స్పీకర్లు కావాలనిపిస్తే అప్పుడు కొనండి. బహుశా చిన్న సెట్టు చాలంటారు.

రాత్రిపూట సంగతి రెండు ముక్కల్లో. సబ్‌వూఫర్ దడ గోడలు దాటుతుంది, పక్కింట్లో పరీక్షకు చదివే పిల్లవాణ్ణీ, నిద్రపట్టని బీపీ రోగినీ అది వదలదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ హద్దు. మీ ఇంటి సెట్టు శబ్దం మీ ప్రహరీ దగ్గర దానికి మించి 5 కంటే ఎక్కువ ఉండకూడదు.

సినిమా అయ్యాక చెవిలో గుయ్‌మని మోగినా, దూది పెట్టినట్టు మాటలు మందంగా వినబడినా, చెవి దెబ్బ తిన్నదని అర్థం. మర్నాటికి తగ్గిపోవచ్చు. తగ్గింది కదా అని మళ్ళీ అంతే పెంచితే, ఏదో ఒక రోజు తగ్గకుండా ఉండిపోతుంది. ఒకటి రెండు రోజులు చెవులకు విశ్రాంతి ఇవ్వండి. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయకండి, అది రోమకణాల దాకా వెళ్ళదు సరికదా, కర్ణభేరికి చిల్లు ఉంటే ప్రమాదం. ఉన్నట్టుండి ఒక చెవి వినబడటం మానేస్తే మాత్రం రేపూ ఎల్లుండీ అనకండి. అది శబ్దం వల్ల వచ్చినా మరే కారణం వల్ల వచ్చినా, ఆ రోజే చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి కలవాలి. ఆ జబ్బుకు మందు ఎంత త్వరగా మొదలుపెడితే వినికిడి తిరిగివచ్చే ఆశ అంత ఎక్కువ.