కొండ కింద గడియారం, కొండ పైన గడియారం

"సార్, టైము తప్పయితే పాస్‌వర్డు ఎందుకు తప్పవుతుంది?"

దసరా సెలవులకు ముందు ల్యాబులో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. అలిపిరికి కాస్త దూరంలో ఉన్న ఒక కాలేజీలో నేను కంప్యూటర్లు చూసుకుంటాను. ఆ రోజు పొద్దున్నుంచి ఫైళ్ల సర్వరు ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పేరు సరైనదే, పాస్‌వర్డు సరైనదే, కేబుళ్లన్నీ బాగానే ఉన్నాయి. తెర మీద మాత్రం ఒకటే మాట: 'క్లాక్ స్క్యూ టూ గ్రేట్'. గడియారాల మధ్య తేడా మితిమీరిందని దాని అర్థం.

ఆ అమ్మాయికి భూదేవి కాంప్లెక్సులో ఇచ్చే దర్శనం టోకెన్ గుర్తుచేశాను. టోకెన్ మీద తేదీ, వేళ ఉంటాయి. ఎప్పుడు చూపించినా చెల్లేటట్టయితే ఆ టోకెన్‌కు అర్థమే లేదు. కాలేజీ కంప్యూటర్లన్నిటినీ ఒకే అజమాయిషీ కింద ఉంచే డొమైన్‌లో లాగిన్ కూడా అంతే. దాన్ని నడిపే డొమైన్ కంట్రోలర్ మనకొక టికెట్ ఇస్తుంది. దీని వెనక ఉన్న పద్ధతి పేరు కెర్బరోస్. ఏ సర్వరు దగ్గరికి వెళ్లినా మన యంత్రం ఆ టికెట్‌తో పాటు అప్పటి సమయాన్ని రహస్య సంకేతంలో కలిపి పంపుతుంది. సర్వరు తన గడియారం చూసుకుంటుంది. మామూలు అమరికలో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే తిప్పి పంపేస్తుంది. దారిలో ఎవరైనా ఆ సందేశాన్ని కాపీ చేసుకొని తర్వాత వాడుకోకుండా ఇది కాపలా. ఆ 5 నిమిషాల లోపల కాపీ వస్తే? ఇటీవల చూసిన సందేశాలను సర్వరు గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి వస్తే పట్టేస్తుంది. అంతకన్నా పాతవాటిని గడియారమే ఆపుతుంది కాబట్టి గుర్తుపెట్టుకోవలసినది కొంచెమే. ఈ పొదుపు నాకు చాలా ఇష్టం. కానీ ఇదంతా నడవాలంటే అందరి గడియారాలూ ఒక్కమాట మీద ఉండాలి.

మా గడియారాలు ఎక్కడ తప్పాయి? వేసవిలో పాత డొమైన్ కంట్రోలర్‌ను పక్కన పెట్టి, కొత్త పెద్ద యంత్రంలో వర్చువల్ సర్వరుగా మార్చుకున్నాం. యూజర్లు వచ్చారు, పాత్రలన్నీ కొత్తదానికి చేరాయి. డొమైన్ మొత్తానికి సమయం చెప్పే బాధ్యత 'పీడీసీ ఎమ్యులేటర్' అనే పాత్రది. పాత్ర కొత్తదానికి వచ్చింది, కానీ బయట ఎవరిని అడిగి సమయం తెలుసుకోవాలన్న చిరునామా మాత్రం పాత సర్వరులోనే ఉండిపోయింది. కొత్త సర్వరును 'డబ్ల్యూ32టీఎం' ఆదేశంతో అడిగాను: నీకు సమయం ఎవరు చెబుతున్నారు? నన్ను మోస్తున్న హోస్టు యంత్రం, అంది. హోస్టును అడిగాను: నీకెవరు? డొమైన్ కంట్రోలర్, అంది.

ఒకరి చేతి గడియారం చూసి ఇంకొకరు సరిచేసుకుంటున్నారు, బయటి గడియారం ముఖం ఎవరూ చూడలేదు. రోజుకు రెండు సెకన్ల పైచిలుకు వెనకబడటం మామూలు క్వార్ట్జ్ స్ఫటికానికి వింతేమీ కాదు. దాదాపు 140 రోజుల్లో అది 5 నిమిషాలు దాటింది. క్యాంపస్‌లోని కంప్యూటర్లన్నీ కలిసి వెనకబడ్డాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఫైళ్ల సర్వరు ఒక్కటే లైనక్స్ మీద నడుస్తూ బయటి నుంచి నేరుగా సమయం తెచ్చుకుంటోంది. అందరూ తప్పుపట్టిన ఆ సర్వరు దగ్గరే అసలైన సమయం ఉంది.

బయటి నుంచి సమయం ఎలా తెచ్చుకుంటారు? ఇక్కడే నాకు ప్రాణమైన యంత్రాంగం ఉంది. పేరు నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, పొట్టిగా ఎన్‌టీపీ. అమెరికాలో డేవిడ్ మిల్స్ అనే ఇంజినీరు మలిచిన దీని తొలి వివరణ పత్రం 1985లో వచ్చింది. సమయం అడిగితే జవాబు వచ్చేలోపే ఆ జవాబు పాతబడిపోతుంది. ఎంత పాతబడిందో తెలిస్తే చాలు. అదెలాగో తెలుసుకోవడానికి మన తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కితే సరిపోతుంది.

అలిపిరి టోల్‌గేటులో వాహనం దాటిన వేళ రాసిస్తారు. అతివేగం అరికట్టడానికి కొండెక్కేటప్పుడు కనీసం 28 నిమిషాలు, దిగేటప్పుడు 40 నిమిషాలు పట్టాలని నియమం. అంటే కింది గేటు గడియారం, పై గేటు గడియారం కలిసి ఒక ప్రయాణాన్ని కొలుస్తున్నాయి. పై గడియారం 10 నిమిషాలు ముందుందనీ, ఆ సంగతి మనకు తెలియదనీ అనుకుందాం. ఎక్కడానికీ దిగడానికీ సరిగ్గా 40 నిమిషాల చొప్పున పట్టిందనుకుందాం. కింద 9:00కు బయలుదేరితే పైన 9:50 చూపిస్తుంది. పైన 11:00 చూపిస్తున్నప్పుడు తిరిగి బయలుదేరితే కింద 11:30కే దిగుతాం. ఎక్కడానికి 50, దిగడానికి 30 పట్టినట్టు కనిపిస్తుంది. రెండింటి తేడా 20, అందులో సగం 10. పై గడియారం ఎంత ముందుందో దొరికేసింది! రెండూ కలిపితే 80. పై గడియారం తప్పు ఈ మొత్తంలో తనంతట తానే చెరిగిపోయి అసలు ప్రయాణ కాలం మిగిలింది.

ఎన్‌టీపీ చేసేది ఇంతే. బయలుదేరిన వేళ, చేరిన వేళ, తిరిగి బయలుదేరిన వేళ, వచ్చిన వేళ అని నాలుగు ముద్రలు. పైన ఎంతసేపు ఆగినా లెక్క చెడదు. రెండు తీసివేతలు, ఒక సగం. ఇంత చిన్న లెక్క మొత్తం ఇంటర్నెట్‌ను ఒక వేళకు నిలబెడుతోంది.

ఇప్పుడు వాహనం నియమం ప్రకారం 28 నిమిషాల్లో ఎక్కి, 40లో దిగిందనుకోండి. ఎక్కడం 38గా, దిగడం 30గా కనిపిస్తాయి. తేడాలో సగం 4. ఉన్నది 10, లెక్క చెప్పింది 4. ఆ 6 నిమిషాల తప్పు 40కీ 28కీ ఉన్న తేడాలో సగం. ఇలా సగం చేస్తే తప్పు రాని చోటూ ఒకటుంది: తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలోని గాదంకి రాడార్. అది పంపిన రేడియో తరంగం 15 కిలోమీటర్ల ఎత్తు నుంచి 100 మైక్రోసెకన్లలో తిరిగొస్తుంది. పోయే దారీ వచ్చే దారీ ఒకటే కాబట్టి అక్కడ సగం అంటే సగమే. మన కొండకు మాత్రం ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. నెట్‌వర్కులో సందేశాలూ అంతే, వెళ్లిన దారిలోనే రావాలని లేదు. ఎంత తెలివైన లెక్కకైనా ఈ తేడా ఆ నాలుగు ముద్రల్లో కనిపించదు.

కనిపించనిదాన్ని మిల్స్ ఎలా అదుపు చేశాడు? తప్పు ఎంతో తెలియకపోయినా ఎంతకు మించదో తెలుసు: మొత్తం ప్రయాణ కాలంలో సగం. పై ఉదాహరణలో 68లో సగం, 34. అందుకని ఎన్‌టీపీ చివరి 8 కొలతలను దగ్గర పెట్టుకొని, వాటిలో అతి తక్కువ సమయంలో వెళ్లి వచ్చినదాన్ని నమ్ముతుంది. బ్రహ్మోత్సవాల రద్దీలో వెళ్లొచ్చిన కారు కన్నా తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద వెళ్లొచ్చిన కారే గడియారాల సంగతి బాగా చెబుతుంది. సగటు తీస్తే రద్దీ కూడా లెక్కలోకి వచ్చేది. మంచి సాక్షి ఒక్కడు చాలన్నది మిల్స్ పట్టిన కిటుకు.

సాక్షే అబద్ధం చెబితే? ఈ ప్రశ్న మీద 1980ల చివర్లో మంచి పోటీ నడిచింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ఇంజినీర్లు డీటీఎస్‌ఎస్ అనే సొంత పద్ధతి తయారుచేశారు. అందులో ప్రతి గడియారం "ఇప్పుడు ఫలానా వేళకూ ఫలానా వేళకూ మధ్య" అని ఒక హద్దు చెబుతుంది. ఎక్కువ మంది హద్దులు ఎక్కడ కలుస్తాయో అక్కడే నిజం ఉంటుంది, దాని బయట ఉన్నవాడు అబద్ధీకుడు. కీత్ మార్జులో 1984లో స్టాన్‌ఫర్డ్ సిద్ధాంత గ్రంథంలో వేసిన బాట ఇది. మీ ఎన్‌టీపీకి ఇలాంటి రుజువు లేదని డీటీఎస్‌ఎస్ పక్షం, గడియారం నడక వేగాన్ని సరిదిద్దడం మీకు రాదని ఎన్‌టీపీ పక్షం వాదించుకున్నాయి. రెండు విమర్శలూ నిజమే. మిల్స్ ఎదుటివారి మంచిని తీసుకున్నాడు. 1992 నాటి మూడో కూర్పులో హద్దుల పద్ధతిని ఎన్‌టీపీలో కలిపేశాడు. పోటీ పడ్డవారి ఆలోచనను ఇలా తనలో చేర్చుకోవడం వల్లే ఆ యంత్రాంగం ఇంతకాలం నిలిచిందని నా నమ్మకం.

మరి మాలాంటి చక్రబంధం? దానికీ మందుంది. ఎన్‌టీపీ గడియారాలకు మెట్టు సంఖ్యలు ఇస్తుంది: సీజియం పరమాణు గడియారం సున్నా మెట్టు, దానికి తగిలించిన సర్వరు ఒకటో మెట్టు, దాన్ని అడిగినది రెండోది. అలిపిరి మెట్లు కింది నుంచి లెక్కపెడతాం, ఇవి పైనుంచి. ఇద్దరు ఒకరినొకరు అడుగుతుంటే మెట్టు సంఖ్య పెరిగిపెరిగి 16కు చేరుతుంది. 16 అంటే నమ్మదగిన సమయం లేదని అర్థం. కానీ హోస్టు నుంచి వర్చువల్ సర్వరుకు సమయం అందే దారి నెట్‌వర్కు మీద నడవదు, యంత్రం లోపలే నడుస్తుంది. ఆ పక్కదారిలో మెట్లు లెక్కపెట్టేవారు లేరు.

ఆ పక్కదారి మూసేశాం. కొత్త కంట్రోలర్‌కు బయటి సర్వర్లు నాలుగింటిని చూపించాం. రెండే ఉంటే, అవి విభేదించినప్పుడు ఏది నిజమో తేల్చలేం. నాలుగుంటే ఒకటి అబద్ధమాడినా మిగతా మూడూ పట్టేస్తాయి. మా గడియారం వెనకబడింది కాబట్టి రాత్రిపూట ఒక్కసారిగా ముందుకు జరిపాం. ముందుకు పోయి ఉంటే అలా కుదరదు. కాలం వెనక్కి నడిస్తే తర్వాత దాచిన ఫైలు ముందు దాచినట్టు కనిపిస్తుంది. అప్పుడు గడియారాన్ని వెనక్కి తిప్పకుండా నడక మందగించాలి. యునిక్స్ లోకంలో సెకనుకు అర మిల్లీసెకను వరకే దిద్దుబాటు చేస్తారు. ఆ లెక్కన 5 నిమిషాలు సర్దుకోవడానికి దాదాపు 7 రోజులు పడుతుంది.

మిగతా చరిత్ర చాలా ఉంది. 1906కు ముందు మన రైళ్లు మద్రాసు వేళకు నడిచేవి. ఇప్పుడు భారత ప్రామాణిక కాలాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలు కాపాడుతున్నాయి. కంప్యూటర్ వ్యవస్థలు ఆ ప్రయోగశాల సర్వర్లతోగానీ జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) సర్వర్లతోగానీ సమయం కలుపుకోవాలని 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఎన్‌టీపీ సెకన్ల లెక్క 2036 ఫిబ్రవరి 7న నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి గ్లకోమాతో పోరాడి, చివరికి చూపు పోగొట్టుకున్న మిల్స్ 2024 జనవరిలో కన్నుమూశాడు.

ఆ అమ్మాయి మొన్న ల్యాబుకు వచ్చి, నేను చెప్పకుండానే ఆదేశం టైపు చేసింది. ఆమె కంప్యూటర్ సమయం డొమైన్ కంట్రోలర్‌ది, కంట్రోలర్‌ది బయటి సర్వరుది. ఒక్కో మెట్టూ పేరు పెట్టి చెబుతూ సీజియం గడియారం దాకా వెళ్లింది. సర్వరు మార్చిన రోజు మేం అడగని ప్రశ్న అదే: నీకు సమయం ఎవరు చెబుతున్నారు? మా మార్పిడి జాబితాలో ఇప్పుడది మొదటి వరుసలో ఉంది.