గుండు బరువు కాదు, పొడవు చూడండి

మొయినాబాద్, చేవెళ్ల వైపు ఫాంహౌసుల్లో తుపాకుల ముచ్చట మొదలైతే "బరువు గుండుకు బిగువు ట్విస్టు" అనే మాట రాకుండా పోదు. విదేశీ వేట వీడియోలు చూసిన కుర్రాళ్లదీ అదే పాట. సగమే నిజం.

అపోహ: ట్విస్టును నిర్ణయించేది గుండు బరువు.

వాస్తవం: నిర్ణయించేది పొడవు. గొట్టం లోపలి గాడులు ఒక చుట్టు పూర్తిగా తిరగడానికి ఎన్ని అంగుళాలు పడితే అదే ట్విస్టు; అంగుళాలు తగ్గేకొద్దీ బిగువు. గాలి ఒత్తిడి గుండు గరిమనాభికి ముందువైపున పడి, దాన్ని తలకిందులు చేయాలని చూస్తుంది. గుండు ఎంత పొడుగైతే ఈ గొడవ అంత ఎక్కువ. దాన్ని నిలబెట్టేది బొంగరానికి ఉన్నట్టే ఆ తిరుగుడే. 1879లో గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణితవేత్త ఒక సులువైన లెక్క ఇచ్చాడు: గుండు వ్యాసాన్ని దానితోనే హెచ్చవేసి, 150తో గుణించి, పొడవుతో భాగించాలి. 0.308 అంగుళాల వ్యాసమున్న సీసపు గుండు 1.2 అంగుళాల పొడవుంటే దాదాపు 12 అంగుళాల ట్విస్టు చాలు. 1.4 ఉంటే 10 కావాలి. ఈ లెక్కలో బరువు ఊసే లేదు.

మన పోలీసు స్టేషన్లలో ఏళ్ల తరబడి కనిపించిన పాత .303 రైఫిల్‌నే చూడండి. మొదట 215 గ్రెయిన్ల బరువున్న మొద్దు ముక్కు గుండు, 1910 నుంచి 174 గ్రెయిన్ల సూది ముక్కు గుండు. కొత్త గుండు ముక్కులో అల్యూమినియం కూరడంతో బరువు తగ్గినా పొడవు దాదాపు అంతే ఉంది. పది అంగుళాల ట్విస్టు మార్చాల్సిన పని పడలేదు. పూర్తి రాగి గుండ్ల సంగతీ ఇలాంటిదే. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవెక్కుతుంది. డబ్బా మీద గ్రెయిన్లు చూసి కొన్నవారు తికమకపడేది ఇక్కడే.

అపోహ: ట్విస్టు ఎంత బిగువైతే అంత మంచిది.

వాస్తవం: గుండులో రవ్వంత అసమానత ఉన్నా అతి తిరుగుడు దాన్ని పెంచి చూపుతుంది. పలుచని తొడుగున్న గుండు గాలిలోనే పగిలిపోవచ్చు కూడా. అయినా కాస్త ఎక్కువ తిరిగితే వచ్చే నష్టం చిన్నదే. తక్కువ తిరిగితేనే అసలు తంటా: గుండు అడ్డం తిరిగి తగిలి, టార్గెట్ కాగితం మీద గుండ్రటి రంధ్రం బదులు కోలగా చీలిక కనిపిస్తుంది. అలాంటి చీలిక ఒక్కటి కనిపించినా ఆ గుండు ఆ గొట్టానికి పనికిరాదు.

అపోహ: గొట్టం పొడవైతే గుండు ఎక్కువ చుట్లు తిరుగుతుంది.

వాస్తవం: లోపల తిరిగే చుట్ల లెక్క వేరు, బయటికొచ్చాక తిరిగే వేగం వేరు. సెకనుకు 2,800 అడుగుల వేగంతో 10 అంగుళాల ట్విస్టు గొట్టం దాటిన గుండు నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. పొడవు గొట్టం వేగం పెంచినంత మేరకే ఆ లెక్క పెరుగుతుంది.

అపోహ: దూరం పోయేకొద్దీ తిరుగుడు తగ్గి గుండు తూలుతుంది.

వాస్తవం: ముందు తగ్గేది పరుగు. తిరుగుడు నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి దారిలో స్థిరత్వం సాధారణంగా పెరుగుతుంది. ధ్వని వేగానికి దగ్గరగా దిగినప్పుడే చిక్కు.

గాలి మాటా చెప్పాలి. మొయినాబాద్ పక్కనున్న గండిపేట చెరువు నిండు మట్టం 1,790 అడుగులు. ఆ ఎత్తున, 35 డిగ్రీల ఎండలో, గాలి ప్రామాణిక లెక్క కన్నా సుమారు 12 శాతం పలుచన. అంటే చలిదేశపు పట్టికల్లో అంచుమీదున్న గుండు ఇక్కడ కాస్త నిలకడగానే పోతుంది.

అపోహ: లైసెన్సు తుపాకీ ఉంటే సొంత పొలంలో వేటాడవచ్చు.

వాస్తవం: తుపాకీ లైసెన్సు వేట అనుమతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంట పాడుచేసే అడవిపందుల విషయంలోనూ అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా గురిపెట్టకూడదు. మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు దగ్గర మృగవని జాతీయ ఉద్యానం ఉంది. ట్విస్టు లెక్కలు సరిచూసుకోవాలనుంటే గచ్చిబౌలి షూటింగ్ రేంజిలాంటి చోటికి వెళ్లండి. నెమలినో కృష్ణజింకనో కొట్టి నేరం రుజువైతే మాత్రం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు.