మంచం దగ్గరే గొంతుకు రంధ్రం

కళ్యాణదుర్గం పక్క శెనక్కాయ చేలల్లో పురుగుల మందు తాగినవాళ్లనో, కట్లపాము కరిచినవాళ్లనో సుమారు 60 కిలోమీటర్లు తీసుకెళ్లి అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చడం సగం పనే. విషం ఊపిరి తీసే కండరాలను పడగొడుతుంది. పురుగుల మందుదైతే మరీ మాయదారి వ్యవహారం: తేరుకున్నాడనుకున్న మనిషి రెండు మూడు రోజులకు తల ఎత్తలేక, మళ్లీ ఊపిరాడక వెంటిలేటర్ మీదికి వెళ్తాడు. వారం, పది రోజులు దాటితే డాక్టరు ఇంటివాళ్లను పిలిచి, గొంతుకు రంధ్రం పెట్టాలంటారు. ఇక ఆశ లేదేమోనని వాళ్లు భయపడతారు. నిజానికి నోట్లోంచి వేసిన వెంటిలేటర్ గొట్టం తీసేస్తే మత్తుమందు తగ్గించవచ్చు, కఫం తీయడం తేలిక, వెంటిలేటర్ మాన్పించడమూ సులువు.

గొంతుకు రంధ్రం పెట్టే ఈ ట్రాకియాస్టమీకి 1909లో ఒక పద్ధతి ఏర్పరచినవాడు అమెరికా సర్జన్ షెవాలియర్ జాక్సన్. చర్మం కోసి, కండరాలు పక్కకు జరిపి, శ్వాసనాళాన్ని కళ్లారా చూసి తెరవాలి. మామూలుగా ఇది థియేటర్లో చేసే పని. వెంటిలేటర్‌తో, మందుల పంపులతో సహా రోగిని అక్కడిదాకా తరలించడమే ఒక గండం.

1985లో సియాగ్లియా అనే వైద్యుడు ఆ ప్రయాణాన్ని తప్పించాడు. శ్వాసనాళంలోకి సూది గుచ్చి, దాని గుండా సన్నని తీగ దింపి, తీగ మీదుగా ఒకదాని కంటే ఒకటి లావైన గొట్టాలతో రంధ్రం వెడల్పు చేశాడు. 1990లో గ్రిగ్స్ అనే మరో వైద్యుడు అదే తీగ మీద జారే ప్రత్యేకమైన ఫోర్సెప్స్ తెచ్చాడు. పని చిటికెలో అవుతుంది గానీ, రంధ్రం ఎంత తెరుచుకుంటుందన్నది చేసేవారి చేతిలో ఉంది. తర్వాత ఖడ్గమృగం కొమ్ములా మొన సన్నగా, మొదలు లావుగా ఉండే ఒకే సాధనం వచ్చింది. పేరు కూడా బ్లూ రైనోయే. వీటన్నిటిలోనూ అసలు భయం శ్వాసనాళం వెనక గోడకు సూది తగలడం. అందుకే లోపల బ్రాంకోస్కోప్‌తో చూస్తూ, రక్తనాళాలెక్కడున్నాయో ముందే అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ చేస్తారు.

ఏది మేలు? 2016 నాటి కొక్రేన్ సంస్థ సమీక్ష ప్రకారం సూది పద్ధతిలో గాయం చీము పట్టడం బాగా తక్కువ. మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా లేదు. నా మటుకు, బ్రాంకోస్కోప్ లేని వార్డులో, మెడ పొట్టిగా, లావుగా ఉన్న రోగికి పాత కత్తి పద్ధతే నయం. చిన్నపిల్లలకూ సాధారణంగా అదే.

రంధ్రం త్వరగా పెడితే మేలన్న నమ్మకాన్ని మాత్రం బ్రిటన్‌లో 909 మందిపై జరిగిన ట్రాక్‌మాన్ పరిశోధన 2013లో కదిలించింది. నాలుగు రోజుల్లోపే పెట్టినా, పది రోజులు ఆగినా నెలలోపు మరణాలు దాదాపు సమానం. పైగా ఆగిన గుంపులో సగానికి పైగా మందికి రంధ్రం పెట్టనే లేదు. కాబట్టి ఇంటివాళ్లు డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ పద్ధతిలో చేస్తారని కాదు, ఇంకో రెండు రోజులు ఆగవచ్చా అని.