వార్తల్లో పదం: కంజెషన్ ఛార్జి

నగరంలో బాగా కిక్కిరిసే ప్రాంతంలోకి రద్దీ వేళల్లో వచ్చే వాహనాల నుంచి వసూలు చేసే రుసుమే కంజెషన్ ఛార్జి. టోల్ ప్రధానంగా రోడ్డు ఖర్చు రాబట్టడానికి. ఇది రోడ్డు మీద బండ్లను తగ్గించడానికి.

ఇరుకు రోడ్డు మీదికి మరో కారు వస్తే వెనకున్న వారందరికీ ఆలస్యం, పొగ, చప్పుడు. ఆ నష్టం కారు నడిపేవారి జేబుకు తగలదు, సమాజం మోస్తుంది. దానికి కారణమైనవారే మూల్యం చెల్లించాలన్నది 1996 నోబెల్ గ్రహీత విలియం విక్రీ వాదన.

సింగపూర్ 1975లోనే ఈ ఛార్జిని మొదలుపెట్టింది. లండన్ 2003లో రోజుకు 5 పౌండ్లతో అమలుచేసింది. స్టాక్‌హోమ్‌లో 2006లో ప్రయోగాత్మకంగా పెడితే ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. మొదట వద్దన్న నగరవాసులే ప్రజాభిప్రాయ సేకరణలో ఔనన్నారు. న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌లో 60వ వీధికి దిగువన 2025 జనవరి నుంచి రద్దీ వేళల్లో కార్లకు 9 డాలర్లు.

లాభాలు: ఆదా అయ్యే సమయం, వేళకు నడిచే బస్సులు, కాస్త మెరుగైన గాలి. నష్టాలూ ఉన్నాయి. కెమెరాలు, వసూళ్ల నిర్వహణకే బోలెడు ఖర్చు. సంపన్నుడికి లెక్కలోకి రాని మొత్తం, బస్సు లేని శివారు నుంచి కారులో పనికి వచ్చే చిరుద్యోగికి భారం. దుకాణదారులకు గిరాకీ తగ్గుతుందన్న భయం.

అందుకే రాబడిని ఎక్కడ ఖర్చుపెడతారన్నదే కీలకం. లండన్‌లో మిగులును రవాణాకే వాడాలని చట్టం చెబుతోంది. బస్సు, మెట్రో సరిగా లేని ఊళ్లో ఈ ఛార్జి సంస్కరణ కాదు, మరో పన్ను మాత్రమే.